కాళ్ళ అమరిక, పరుగు గాయాలు

కాళ్ళ అమరిక అంటే తుంటి కీలు, మోకాలు, చీలమండ ఒకదాని కింద ఒకటి ఏ వరుసలో ఉన్నాయో తెలిపే శారీరక లక్షణం. నిటారుగా నిలబడినప్పుడు మోకాళ్ళు రెండూ తాకుతూ చీలమండలు ఎడంగా ఉంటే ముట్టికాళ్ళు అనీ, చీలమండలు తాకుతూ మోకాళ్ళు ఎడంగా ఉంటే దొడ్డికాళ్ళు అనీ అంటారు. చాలామందిలో ఈ వంపు ఎంతో కొంత ఉంటుంది. అది వ్యాధి కాదు. పరుగెత్తేవారికి వచ్చే మోకాటి నొప్పికి, కాలి ఎముకల నొప్పికి ఈ వంపే ముఖ్య కారణమని చాలాకాలం భావించారు. 1990ల నుండి జరిగిన పరిశోధనలలో సాధారణ పరిధిలోని వంపుకు, గాయాలకు ఉన్న సంబంధం బలహీనమైనదని తేలింది. అలవాటు లేని దూరాన్ని ఒక్కసారిగా పరుగెత్తడం, పాత గాయం పూర్తిగా మానకపోవడం అంతకంటే ముఖ్యమైన కారణాలు. పోషకాహార లోపం, ఫ్లోరోసిస్ వంటి వ్యాధుల వల్ల ఏర్పడే తీవ్రమైన వంకర మాత్రం వేరే విషయం. దానికి వైద్యం అవసరం.

హైదరాబాదు పాతబస్తీతో సహా తెలంగాణ అంతటా ఈ విషయానికి ప్రాధాన్యం ఉంది. పోలీసు ఉద్యోగాల శారీరక పరీక్షలలో పరుగు తప్పనిసరి కాగా, ముట్టికాళ్ళు అనర్హతకు కారణమయ్యే లోపాల జాబితాలో ఉన్నాయి. ముట్టికాళ్ళకు, ఫ్లోరోసిస్‌కు గల సంబంధాన్ని వెల్లడించిన ముఖ్య పరిశోధన కూడా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుండే వెలువడింది.

నిర్మాణం

కాలిలో శరీర భారాన్ని మోసే ముఖ్యమైన ఎముకలు రెండు. తొడ ఎముక తుంటి నుండి మోకాలి వరకు, అంతర్జంఘిక మోకాలి నుండి చీలమండ వరకు ఉంటాయి. తొడ ఎముక తల మధ్యభాగం నుండి చీలమండ మధ్యభాగం వరకు గీసిన ఊహారేఖను భార రేఖ అంటారు. అమరిక సరిగా ఉన్న కాలిలో ఈ రేఖ మోకాలి మధ్య నుండి గానీ, దానికి కొద్దిగా లోపలివైపు నుండి గానీ పోతుంది. ముట్టికాళ్ళలో ఇది మోకాలికి బయటివైపు, దొడ్డికాళ్ళలో లోపలివైపు జరుగుతుంది.

ఎముకలు పూర్తిగా నిలువుగా ఉండవు. తుంటి కీళ్ళ మధ్య దూరం మోకాళ్ళ మధ్య దూరం కంటే ఎక్కువ కనుక తొడ ఎముకలు కిందికి వచ్చేకొద్దీ లోపలికి వాలుతాయి. అందువల్ల తొడ ఎముకకు, అంతర్జంఘికకు మధ్య 5 నుండి 7 డిగ్రీల బయటివంపు ఉండటం సహజం. నడకలో మోకాటిపై పడే భారంలో ఎక్కువ భాగాన్ని కీలు లోపలి సగమే మోస్తుంది. కాలు కొద్దిగా వంగి ఉండటం, భారం కీలుపై సమానంగా పడకపోవడం సాధారణ నిర్మాణంలో భాగమేనని దీనిని బట్టి తెలుస్తుంది.

వయసుతో వచ్చే మార్పులు

కాళ్ళ అమరిక పుట్టుక నుండి ఒకేలా ఉండదు. 1975లో ఫిన్లాండుకు చెందిన సలెనియస్, వాంకా ప్రచురించిన అధ్యయనం ఈ మార్పుల క్రమాన్ని వివరించింది.

• పుట్టినప్పుడు శిశువుల కాళ్ళు దొడ్డికాళ్ళుగా ఉంటాయి.
• ఒకటిన్నర నుండి రెండేళ్ళ మధ్య కాళ్ళు నిటారుగా అవుతాయి.
• ఆ తరువాత ముట్టికాళ్ళు ఏర్పడి, 3 - 4 ఏళ్ళ వయసులో వంపు గరిష్ఠ స్థాయికి చేరుతుంది.
• దాదాపు 7 ఏళ్ళకు పెద్దవారిలో ఉండే స్వల్పమైన బయటివంపు స్థిరపడుతుంది.

కనుక మూడేళ్ళ బిడ్డకు ముట్టికాళ్ళు ఉండటం చాలా సందర్భాలలో ఎదుగుదలలో ఒక దశ మాత్రమే. తెలుగు ఇళ్ళలో పసిబిడ్డలకు నూనె రాసి కాళ్ళు సాగదీయడం ఆచారం. బిడ్డను చంకనెత్తుకుంటే దొడ్డికాళ్ళు వస్తాయన్న నమ్మకం కూడా ఉంది. మర్దన వల్ల బిడ్డకు హాయి కలగవచ్చు గానీ ఎముకల వంపు దానివల్ల మారదు. వంపు తగ్గడానికి కారణం సహజమైన ఎదుగుదలే.

కొలిచే విధానం

బూట్లు లేకుండా, మోకాటి చిప్పలు సూటిగా ముందుకు చూసేలా నిలబెట్టి కొలత తీసుకోవాలి. ముట్టికాళ్ళలో మోకాళ్ళు తాకించి రెండు చీలమండల లోపలి ఎముకల మధ్య దూరాన్ని, దొడ్డికాళ్ళలో చీలమండలు తాకించి రెండు మోకాళ్ళ మధ్య దూరాన్ని సెంటీమీటర్లలో కొలుస్తారు. ఈ పద్ధతి సులభమైనదే అయినా దీనిలో లోపాలు ఉన్నాయి. తొడలు లావుగా ఉన్నవారిలో ఎముకల వంపు లేకపోయినా చీలమండలు ఎడంగా ఉంటాయి. పాదాలు లోపలికి గానీ బయటికి గానీ తిప్పి నిలబడితే కొలత మారిపోతుంది. కచ్చితమైన కొలతకు నిలబెట్టి తుంటి నుండి చీలమండ వరకు తీసే ఎక్స్‌రే అవసరం.

క్యూ కోణం అనే మరొక కొలత కూడా వాడుకలో ఉంది. కటి ఎముక ముందు కొన నుండి మోకాటి చిప్ప మధ్యకు గీసిన గీతకు, మోకాటి చిప్ప మధ్య నుండి దాని కిందనున్న ఎముక బొడిపెకు గీసిన గీతకు మధ్య ఏర్పడే కోణం ఇది. పురుషులలో ఇది సుమారు 14 డిగ్రీలు, స్త్రీలలో సుమారు 17 డిగ్రీలు ఉంటుంది.

పరుగులో కాలిపై పడే భారం

నడకలో ఎప్పుడూ కనీసం ఒక పాదం నేలపై ఉంటుంది. పరుగులో మాత్రం ప్రతి అడుగుకు మధ్య కొద్దిసేపు రెండు పాదాలూ గాలిలో ఉంటాయి. ఆ తరువాత శరీర భారమంతా ఒకే కాలిపై పడుతుంది. ఆ క్షణంలో నేల నుండి కాలికి ఎదురయ్యే బలం శరీర బరువుకు 2 నుండి 3 రెట్లు ఉంటుంది.

తెలంగాణ పోలీసు పరీక్షలోని 1600 మీటర్ల పరుగును ఉదాహరణగా తీసుకోవచ్చు. పురుషులు దీనిని 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే వేగం గంటకు సుమారు 13 కిలోమీటర్లు. నిమిషానికి 170 అడుగుల చొప్పున లెక్కిస్తే మొత్తం అడుగులు సుమారు 1,230. ఒక్కొక్క కాలిపై సుమారు 615 సార్లు భారం పడుతుంది. 65 కిలోల బరువున్న అభ్యర్థి విషయంలో ప్రతిసారీ కాలు మోసేది సుమారు 160 కిలోల బరువుకు సమానం. సాధనలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. ఒక్కొక్క అడుగు మీటరు చొప్పున వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తితే ఒక్కొక్క కాలు 10,000 సార్లు నేలను తాకుతుంది.

ఎముక, కండరం, స్నాయువు ఈ భారానికి క్రమంగా అలవాటు పడి బలపడతాయి. అయితే వాటి వేగం వేరు వేరు. గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం కొద్ది వారాలలోనే మెరుగుపడగా, ఎముకలు, స్నాయువులు బలపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరాన్ని ఒక్కసారిగా పెంచినవారికి కాలి నొప్పులు రావడానికి ఈ తేడాయే కారణం.

నిలబడినప్పటి అమరిక పరుగులోని అమరికను పూర్తిగా సూచించదు. పరుగులో పాదాలు శరీర మధ్యరేఖకు దగ్గరగా పడతాయి, మోకాలు వంగుతుంది, కటి పక్కకు వాలుతుంది. నిటారైన కాళ్ళున్నవారిలో కూడా తుంటి పక్కనున్న కండరాలు బలహీనంగా ఉంటే అడుగు పడగానే మోకాలు లోపలికి పడిపోవచ్చు. ముట్టికాళ్ళున్నవారిలో ఆ కండరాలు బలంగా ఉంటే మోకాలు స్థిరంగా నిలవవచ్చు. ఎముకల వంపు వ్యాయామంతో మారదు. కదలికలో వచ్చే ఈ లోవాలును మాత్రం చాలావరకు సరిదిద్దవచ్చు.

పరుగు వల్ల వచ్చే ముఖ్యమైన గాయాలు

పరుగు గాయాలలో ఎక్కువ భాగం పడిపోవడం వల్ల గానీ దెబ్బ తగలడం వల్ల గానీ వచ్చేవి కావు. ఒకే భాగంపై పదే పదే భారం పడటం వల్ల వస్తాయి. ముఖ్యమైనవి:

• మోకాటి చిప్ప నొప్పి: మోకాలి ముందు భాగంలో, మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు గొంతుకూర్చున్నప్పుడు తెలుస్తుంది. పరుగెత్తేవారిలో సర్వసాధారణమైన వాటిలో ఇది ఒకటి.
• తొడ బయటి పట్టీ నొప్పి: తుంటి నుండి మోకాలి వరకు తొడకు బయటివైపున ఉండే కణజాలపు పట్టీ మోకాలి దగ్గర ఒత్తిడికి గురికావడం వల్ల వస్తుంది.
• అంతర్జంఘిక నొప్పి: మోకాలికి, చీలమండకు మధ్య ఎముక లోపలి అంచు పొడవునా వస్తుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో, శిక్షణలో ఉన్న సైనికులు, పోలీసులలో ఎక్కువ.
• ఒత్తిడి వల్ల ఎముక చిట్లడం: ఎముకలో సన్నని పగులు ఏర్పడుతుంది. వేలితో నొక్కితే ఒకే చోట తీవ్రమైన నొప్పి కలుగుతుంది. తొలి రోజులలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.
• మడమ స్నాయువు నొప్పి: పిక్క కండరాన్ని మడమకు కలిపే స్నాయువులో వస్తుంది.
• అరికాలి నొప్పి: మడమ కింద, ముఖ్యంగా ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగులో తెలుస్తుంది.

2007లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం దూరపు పరుగు చేసేవారిలో కాలి గాయాల శాతం వివిధ అధ్యయనాలలో 19 నుండి 79 వరకు ఉంది. గాయాన్ని నిర్వచించే పద్ధతులు, పరిశీలించిన కాలం వేరు కావడం ఇంత తేడాకు ఒక కారణం. అంతకుముందు గాయం అయి ఉండటం ముఖ్యమైన ప్రమాద కారణమని అదే సమీక్ష పేర్కొంది.

అమరికకు, గాయాలకు గల సంబంధం

ఈ విషయంపై పరిశోధనల ఫలితాలు అన్నీ ఒకే విధంగా లేవు. అమెరికా సైన్యంలో శిక్షణ పొందుతున్న పురుషులపై జరిగి 1996లో ప్రచురితమైన అధ్యయనంలో, అందరికంటే ఎక్కువ ముట్టికాళ్ళున్న వర్గంలో గాయాలు ఎక్కువగా కనిపించాయి. క్యూ కోణం 15 డిగ్రీలకు మించినవారిలో ఎముకలు చిట్లడం కూడా ఎక్కువగా ఉంది. మారథాన్‌కు శిక్షణ పొందుతున్నవారిపై జరిగి 1997లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో కాళ్ళ అమరికలోని సాధారణ తేడాలు గాయాలకు పెద్ద కారణం కాదని తేలింది.

ఈ రెండింటికి మధ్య తేడాను అర్థం చేసుకోవడం అవసరం. సైనిక శిక్షణలో పరుగు, కవాతు, బరువులు మోయడం అన్నీ ఒకేసారి మొదలవుతాయి. నొప్పి వచ్చినా విశ్రాంతి తీసుకునే వీలు తక్కువ. స్వంతంగా పరుగెత్తేవారు నొప్పి రాగానే దూరం తగ్గించుకుంటారు. భారం ఒక్కసారిగా పెరిగినచోట వంపు ప్రభావం బయటపడవచ్చు. భారం క్రమంగా పెరిగినచోట శరీరం దానికి సర్దుకుంటుంది.

భారం పెరిగే తీరుపై కూడా పరిశోధనలు జరిగాయి. 2008లో నెదర్లాండ్స్‌లో కొత్తవారిపై జరిగిన అధ్యయనంలో, వారానికి సుమారు 10 శాతం చొప్పున పెంచే 13 వారాల ప్రణాళికకు, సాధారణమైన 8 వారాల ప్రణాళికకు మధ్య గాయాల సంఖ్యలో తేడా కనిపించలేదు. 2025లో ప్రచురితమైన, అయిదు వేలమందికి పైగా పాల్గొన్న అధ్యయనం మరొక కోణాన్ని చూపింది. గడచిన 30 రోజులలో చేసిన అతి పొడవైన పరుగు కంటే ఒకే పరుగులో 10 శాతానికి మించి దూరం పెంచినవారిలో గాయాల ప్రమాదం ఎక్కువగా ఉంది. వారం మొత్తం లెక్క కంటే ఏదో ఒక రోజు చేసే అతి ఎక్కువ హాని చేస్తుందని దీని సారాంశం.

కీళ్ళ అరుగుదల విషయంలో అమరికకు ప్రాధాన్యం ఉంది. మోకాటి కీలు అరిగినవారిపై 2001లో వెలువడిన అధ్యయనంలో, 18 నెలల కాలంలో దొడ్డికాళ్ళున్నవారికి కీలు లోపలివైపు, ముట్టికాళ్ళున్నవారికి బయటివైపు అరుగుదల పెరిగే అవకాశం నాలుగైదు రెట్లు ఉన్నట్లు తెలిసింది. ఇది అప్పటికే అరుగుదల మొదలైనవారికి సంబంధించినది. పరుగు వల్ల ఆరోగ్యవంతుల మోకాళ్ళు అరిగిపోతాయని దీని అర్థం కాదు. 2017లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణలో తుంటి, మోకాటి కీళ్ళ అరుగుదల ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తని వారిలో 10.2 శాతం, పోటీ స్థాయి క్రీడాకారులలో 13.3 శాతం ఉంది.

పాదం, బూట్లు

పాదం లోవంపు తక్కువగా ఉండటాన్ని చదునుపాదం అంటారు. ఇటువంటి పాదాలకు ప్రత్యేకమైన బూట్లు అవసరమని చాలాకాలం ప్రచారం జరిగింది. డెన్మార్కులో 927 మంది కొత్త రన్నర్లను ఒక ఏడాదిపాటు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, సాధారణ బూట్లు ధరించినవారిలో పాదం లోపలికి వాలడానికి, గాయాలకు సంబంధం కనిపించలేదు. పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఎంపిక చేసి ఇవ్వడం వల్ల గాయాలు తగ్గలేదని అమెరికా సైనిక శిక్షణ కేంద్రాలలో జరిగిన పరిశోధనలు కూడా తెలిపాయి. కాలికి సరిపోయి, సౌకర్యంగా ఉండే బూటు చాలునని వీటినుండి గ్రహించవచ్చు.

బూట్లు లేని ఆటకు హైదరాబాదుకు సంబంధించిన చరిత్ర కూడా ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువమంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఆధ్వర్యంలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. అప్పటికి బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఉత్త కాళ్ళతో పరుగెత్తడానికి అలవాటు పడినవారు ఎక్కువగా పాదం ముందు భాగాన్ని లేదా మధ్య భాగాన్ని మొదట ఆనిస్తారనీ, అందువల్ల మడమపై పడే తొలి అదురు తగ్గుతుందనీ 2010లో డేనియల్ లీబర్మన్ బృందం తెలిపింది. అయితే మడమపై తగ్గిన భారం పిక్కకు, మడమ స్నాయువుకు మారుతుంది. అలవాటు లేనివారు ఒక్కసారిగా బూట్లు వదిలివేయడం కూడా గాయాలకు దారితీయవచ్చు.

హైదరాబాదు పాతబస్తీలో

మూసీ నదికి దక్షిణాన చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట తదితర ప్రాంతాలతో కూడిన పాతబస్తీలో జనసాంద్రత ఎక్కువ, మైదానాలు తక్కువ. సిటీ కాలేజీ పక్కనున్న కులీ కుతుబ్ షా స్టేడియం, చౌమహల్లా ప్యాలెస్ సమీపంలోని ఖిల్వత్ మైదానం ఇక్కడి ముఖ్యమైన ఆటస్థలాలు. చార్మినార్ చుట్టూ వాహనాలు లేకుండా చేసిన దారిలో రాతిపలకలు పరిచారు. దుకాణాలు తెరవకముందు ఇటువంటి దారులు పరుగుకు వీలుగా ఉన్నా నేల గట్టిగా ఉంటుంది. మట్టి మైదానం నుండి రాతి దారికి గానీ, సమతలం నుండి ఎత్తుపల్లాల దారికి గానీ మారినప్పుడు కొన్ని రోజులు దూరం తగ్గించడం మంచిది.

యువతలో ఎక్కువమంది పరుగు సాధన మొదలుపెట్టే సందర్భం ఉద్యోగ ప్రకటన. తెలంగాణ రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి 2022 ఏప్రిల్‌లో ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. శారీరక పరీక్షలు అదే ఏడాది డిసెంబరులో మొదలయ్యాయి. 2018 నాటి నియామకాలలో పురుషులకు 800 మీటర్లు, స్త్రీలకు 100 మీటర్లు ఉన్న పరుగును 2022లో 1600 మీటర్లకు, 800 మీటర్లకు పెంచారు. స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆ ఏడాది హైదరాబాదు నగర పోలీసు శాఖ అభ్యర్థులకు ఉచిత శిక్షణ కూడా ఇచ్చింది.

ప్రకటనకు, పరీక్షకు మధ్య ఏడు నెలలకు పైగా సమయం ఉంది. ఎముకలు, స్నాయువులు బలపడటానికి అది సరిపోతుంది. ప్రాథమిక రాతపరీక్ష ఫలితాల వరకు ఆగి, చివరి నెలలో రోజూ పూర్తి వేగంతో పరుగెత్తేవారికి ఆ అవకాశం ఉండదు. రంజాన్ నెలలో ఉపవాసాల వల్ల సాధన తగ్గించినవారు పండుగ తరువాత వెంటనే పాత దూరానికి రాకుండా రెండు మూడు వారాలలో క్రమంగా చేరుకోవడం ఇదే సూత్రాన్ని అనుసరించి మేలు.

నియామక ప్రకటనలలోని వైద్య ప్రమాణాల ప్రకారం ముట్టికాళ్ళు, చదునుపాదం, ఉబ్బిన సిరలు మొదలైనవి ఉన్నవారు అనర్హులు. సైనిక నియామకాలలో కూడా ముట్టికాళ్ళను కొలిచి నిర్ణయిస్తారు. నిర్దేశిత కాలంలో పరుగు పూర్తి చేసినవారు కూడా ఈ కారణంగా ఉద్యోగం కోల్పోయే అవకాశం ఉంది. పరుగు సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష వేరు, కాలి ఆకారాన్ని చూసే పరీక్ష వేరు. మొదటి దానిలో నెగ్గినంత మాత్రాన రెండవ దానిలో నెగ్గినట్లు కాదు. అనుమానం ఉన్నవారు సాధనకు నెలలు వెచ్చించే ముందే ఎముకల వైద్యునిచేత కొలత తీయించుకుంటే నిజమైన వంపు ఎంతో, తొడల లావు వల్ల కనిపించేది ఎంతో తెలుస్తుంది. మూసీ ఉత్తర ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రి పాతబస్తీకి దగ్గరలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి.

వ్యాధుల వల్ల వచ్చే వంకర

ఎదిగే వయసులో విటమిన్ డి, కాల్షియం లోపం వల్ల వచ్చే రికెట్స్ వ్యాధిలో ఎముకలు మెత్తబడి, శరీర భారానికి వంగిపోతాయి. ఎముక ఎదిగే భాగానికి దెబ్బ తగలడం, చీము పట్టడం, సరిగా అతకని ఎముకలు మరికొన్ని కారణాలు.

తెలుగు ప్రాంతాలలో వీటికి తోడు ఫ్లోరోసిస్ కూడా ఉంది. భారత దేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి నివేదిక 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుండి వెలువడింది. నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై 1955లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలో కౌమార వయసువారికి తీవ్రమైన ముట్టికాళ్ళు వస్తున్నట్లు లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. అంతకుముందు ఫ్లోరోసిస్ అంటే ఎముకలు గట్టిపడి వెన్ను, కీళ్ళు బిగుసుకుపోయే వ్యాధిగానే తెలుసు. వీరు వర్ణించిన రోగులలో కాళ్ళ ఎముకలు గుల్లబారి వంగిపోయాయి.

1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు వల్ల పరిసరాలలో భూగర్భ జలమట్టం పెరిగి, నేలలోని, పంటలలోని ఖనిజాల పాళ్ళు మారాయని పరిశోధకులు భావించారు. అక్కడి జొన్నలలో మాలిబ్డినం పెరగడం, దానివల్ల శరీరం నుండి రాగి ఎక్కువగా బయటికి పోవడం, ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండటం ఫ్లోరైడుతో కలిసి ఈ వంకరకు దారితీసి ఉండవచ్చని వారి ప్రతిపాదన.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా నల్గొండ గ్రామాలకు నదీజలాలు అందాయి. మంచి నీరు కొత్త తరానికి వ్యాధి రాకుండా కాపాడుతుంది. అప్పటికే వంగిన ఎముకలను మాత్రం సరిచేయలేదు. ఇటువంటివారికి పరుగు మాట అటుంచి నడకే కష్టమవుతుంది. ఆరోగ్యవంతులలోని స్వల్పమైన వంపును, ఈ వంకరను ఒకే పేరుతో పిలిచినా రెండూ ఒకటి కావు.

అపోహలు

• మోకాళ్ళ మధ్య దిండు పెట్టి కాళ్ళు కట్టుకుని నిద్రపోతే ముట్టికాళ్ళు సరవుతాయని ప్రచారంలో ఉంది. ఎదుగుదల ముగిసిన ఎముకల వంపు దీనివల్ల మారదు. బిగించి కడితే మోకాటి సంధిబంధనాలు సాగి నొప్పి రావచ్చు.
• సైకిలు తొక్కడం, గుర్రపు స్వారీ వంపును సరిచేస్తాయని కొందరు నమ్ముతారు. ఇవి కండరాలను బలపరుస్తాయే గానీ ఎముక ఆకారాన్ని మార్చవు.
• ముట్టికాళ్ళున్నవారు పరుగెత్తరాదన్నది సరికాదు. నొప్పి లేకుండా క్రమంగా సాధన చేసేవారికి స్వల్పమైన వంపు ఆటంకం కాదు.

నివారణ, చికిత్స

గాయాల నివారణకు కింది పద్ధతులు ఉపయోగపడతాయి.

• కొత్తవారు నడక, పరుగు కలిపి రోజు విడిచి రోజు సాధన చేయడం.
• ఏ ఒక్క పరుగులోనూ గత నెలలోని అతి పొడవైన పరుగు కంటే దూరాన్ని 10 శాతానికి మించి పెంచకపోవడం.
• వేగపు పరుగును, దూరాన్ని ఒకే వారంలో పెంచకపోవడం.
• వారానికి రెండుసార్లు తుంటి పక్క కండరాలకు, తొడలకు, పిక్కలకు బలాన్నిచ్చే వ్యాయామాలు చేయడం. మోకాటి చిప్ప నొప్పికి ఈ వ్యాయామాలు ముఖ్యమైన చికిత్స.
• అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుండి 10 శాతం పెంచడం. దీనివల్ల మోకాటిపై, తుంటిపై భారం తగ్గుతుందని 2011లో ఒక పరిశోధన తెలిపింది.
• తగినంత నిద్ర, ఆహారం తీసుకోవడం.

తీవ్రమైన వంకరకు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఎదిగే వయసు పిల్లలలో ఎముక ఎదిగే భాగానికి ఒకవైపు చిన్న పలకను బిగిస్తారు. రెండోవైపు ఎదుగుదల కొనసాగి వంపు క్రమంగా తగ్గుతుంది. ఎదుగుదల ఆగిన తరువాత ఈ పద్ధతి పనిచేయదు. పెద్దవారిలో ఎముకను కోసి, సరైన కోణంలో అమర్చి, పలకతో బిగిస్తారు. ఇది పెద్ద శస్త్రచికిత్స, కోలుకోవడానికి నెలలు పడుతుంది. నొప్పి గానీ, నడకలో ఇబ్బంది గానీ లేని స్వల్పమైన వంపుకు సాధారణంగా దీనిని సూచించరు.

కింది లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుని సంప్రదించాలి.

• పిల్లలలో ఒక కాలు మాత్రమే వంగి ఉండటం, 7 ఏళ్ళు దాటినా వంపు పెరుగుతూ ఉండటం, వయసుకు తగిన ఎత్తు లేకపోవడం.
• ఎముకపై ఒకే చోట నొప్పి ఉండటం, విశ్రాంతిలోనూ రాత్రివేళల్లోనూ తగ్గకపోవడం.
• మోకాలు వాచడం, పట్టివేయడం, నడుస్తుండగా జారిపోయినట్లు అనిపించడం.

ఇవి కూడా చూడండి

• మోకాలు
• రికెట్స్
• ఫ్లోరోసిస్
• జాతీయ పోషకాహార సంస్థ
• ఉస్మానియా జనరల్ ఆసుపత్రి
• సయ్యద్ అబ్దుల్ రహీం